స్నో బైక్ ముందు భాగంలో మొదట ఏది వంగాలి?

మంచు కింద కనిపించకుండా ఉన్న చెట్టు మోడుకి స్నో బైక్ ముందు చక్రం బదులు ఉండే స్కీ తగిలింది. బైక్ ఒరిగింది, మనిషి మంచులో పడ్డాడు, లేచి ఒళ్లు దులుపుకున్నాడు. బైక్ లేపి హ్యాండిల్ నిటారుగా పట్టుకుని చూస్తే స్కీ మాత్రం కాస్త ఎడమ వైపు చూస్తోంది. స్నో బైక్ నడిపేవాళ్లకి ఇది కొత్త దృశ్యమేమీ కాదు. అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. ఇంతకీ వంగింది ఏది? హ్యాండిల్ కింద ఫోర్క్ కాళ్లని పట్టుకునే ట్రిపుల్ క్లాంపుల్లో ఆ కాళ్లు జారి మెలి తిరిగాయా? స్కీని ఫోర్క్‌కి కలిపే స్పిండిల్ వంగిందా? ఫోర్క్ ట్యూబే వంగిందా? స్కీ బోల్ట్ ఉండే రంధ్రం సాగిందా? మొదటిదైతే క్లాంప్ బోల్టులు వదులు చేసి, సరిచేసి, బిగించుకుని వెళ్లిపోవచ్చు. మూడోదైతే ఆ సీజన్‌కి పెద్ద ఖర్చు తగులుకున్నట్టే.

ముందు భాగం ఎంత కాలం మన్నుతుందన్న మాట వచ్చినప్పుడల్లా ఎక్కువమంది అడిగేది ఏ స్పిండిల్ గట్టిది అనే. ఆ ప్రశ్నలోనే తిరకాసు ఉంది. దెబ్బ తగిలాక ఆ బలం ఎక్కడో ఒక చోట ఖర్చు కావాల్సిందే. స్పిండిల్ వంగకపోతే ఫోర్క్ అడుగున యాక్సిల్‌ని పట్టుకునే లగ్గులు తీసుకుంటాయి, అవీ తట్టుకుంటే ట్యూబులు, ఆపైన ట్రిపుల్ క్లాంపులు, చివరికి ఫ్రేమ్ మెడ. పైకి పోయే కొద్దీ బాగుచేయడం కష్టం, ఖరీదు ఎక్కువ. అందుకని ఇక్కడ చూడాల్సింది ఒక్కో భాగం బలం కాదు, భాగాలు దెబ్బతినే వరస.

స్నో బైక్ అంటే మోటోక్రాస్ లేదా ఎండ్యూరో బైకే. ముందు చక్రం బదులు ఒక స్కీ, వెనక చక్రమూ స్వింగ్‌ఆర్మూ తీసేసి వాటి బదులు రబ్బరు ట్రాక్ ఉన్న కిట్ బిగిస్తారు. అమెరికాలోని ఐడహో రాష్ట్రం, శాండ్‌పాయింట్‌లో మొదలైన టింబర్‌స్లెడ్ ఈ కిట్లకి మార్కెట్ తెచ్చిన వాళ్లలో ముందుంది. 2015లో ఆ కంపెనీని అమెరికా వాహన కంపెనీ పోలారిస్ కొనేసింది. 2017లో ఆస్పెన్‌లో జరిగిన ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల్లో స్నో బైక్‌ల రేసు, స్నో బైక్‌క్రాస్, తొలిసారి పోటీగా వచ్చింది. జంపులు, గుంపుగా మలుపులు, ఒకరినొకరు రాసుకుంటూ పోవడం అన్నీ మోటోక్రాస్‌లో లాగే. ట్రాక్ కిట్ గురించి కావలసినంత చర్చ జరుగుతుంది కానీ ముందు భాగాన్ని అంతగా పట్టించుకోరు. అక్కడ ఉన్నది స్కీ కోసం పుట్టిన ఫోర్క్ కాదు, చక్రం కోసం పుట్టినది.

ఆ ఫోర్క్ ఎలా ఉంటుందో ఒకసారి కింద నుంచి పైకి చూద్దాం. ఈ తరహా బైకులన్నిటికీ తలకిందుల ఫోర్కే ఉంటుంది. లావాటి అల్యూమినియం ట్యూబు పైన ఉంటుంది, దాన్ని రెండు ట్రిపుల్ క్లాంపులు పట్టుకుంటాయి. క్రోమ్ పూత ఉన్న సన్నటి స్టీలు ట్యూబు దానిలోంచి కిందికి దిగుతుంది. దీని వ్యాసం ఎక్కువగా 48 లేదా 49 మిల్లీమీటర్లు, ఫోర్క్ నడక, అంటే అది కుంగి లేచే దూరం, 300 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. స్టీలు ట్యూబు అడుగున అల్యూమినియం లగ్గు ఉంటుంది. రెండు లగ్గుల మధ్య నుంచి యాక్సిల్ పోతుంది. ఇంతవరకూ బైక్ కంపెనీ పని. యాక్సిల్ నుంచి కిందికి ఉన్నది కిట్ కంపెనీ పని. చక్రం ఉండాల్సిన చోట స్పిండిల్ అనే బ్రాకెట్ ఉంటుంది, దాని అడుగున అడ్డంగా ఒక లావు స్కీ బోల్ట్, ఆ బోల్ట్ మీద పైకీ కిందికీ ఊగే స్కీ. స్కీ ముక్కు కిందికి వాలి మంచులో గుచ్చుకోకుండా స్పిండిల్‌కీ స్కీకీ మధ్య ఒక రబ్బరు దిమ్మ.

స్పిండిల్ అనే పేరు ముందు స్కీలు, వెనక ట్రాక్ ఉండే మంచు బండి స్నోమొబైల్ నుంచి వచ్చింది. అక్కడ రెండు స్కీలు, రెండు స్పిండిళ్లు, వాటిని పట్టుకునే ఏ ఆకారపు కడ్డీలు, అంటే ఏ-ఆర్ములు, ఉంటాయి. రాయికి కొట్టుకుంటే ఏ-ఆర్మ్ వంగుతుంది, దాని వెనకున్న బల్క్‌హెడ్, అంటే బండి చట్రం ముందు భాగం, మిగులుతుంది. స్నోమొబైల్ వాళ్లు ఇది ఏనాడో తేల్చుకున్నారు, విడి ఏ-ఆర్మ్ వెంట తీసుకెళ్లేవాళ్లు కూడా ఉన్నారు. స్నో బైక్‌లో అలాంటి ఏ-ఆర్మ్ లేదు. దాని పాత్ర ఎవరు పోషించాలన్నది కిట్ తయారీదారు, కొనేవాడు ఇద్దరూ ఆలోచించాల్సిన విషయం.

చక్రం వదిలేసేది, స్కీ మోసుకొచ్చేది

చక్రం బేరింగ్ మీద తిరుగుతుంది. ఈ చిన్న సంగతే ఫోర్క్‌ని చాలా వరకు కాపాడుతుంది. టైరు రాయికి తగిలినప్పుడు బలం యాక్సిల్ దగ్గరికి వస్తుంది, వెనక్కి నెడుతుంది, పైకి నెడుతుంది. కానీ యాక్సిల్ చుట్టూ లగ్గుని మెలితిప్పే బలం మాత్రం రాదు, ఎందుకంటే చక్రం తిరిగి తప్పించుకుంటుంది. పైగా 21 అంగుళాల చక్రం గుండ్రంగా ఉండి అడ్డంకిని ఎక్కేస్తుంది, టైరులో గాలి కొంత మింగేస్తుంది.

స్పిండిల్ తిరగదు. తిరగకుండా బిగించడమే దాని పని. కాబట్టి స్కీని వెనక్కి లాగే ప్రతి బలమూ యాక్సిల్ నుంచి స్కీ బోల్ట్ దాకా ఉన్న దూరాన్ని మీటలా వాడుకుని లగ్గుల్ని మెలితిప్పుతుంది.

ఎంత మెలితిప్పుతుందన్నది లెక్కేస్తే ఒక ఆశ్చర్యం కనిపిస్తుంది. యాక్సిల్ నుంచి స్కీ బోల్ట్‌కి 25 సెంటీమీటర్లు అనుకుందాం. మామూలు మంచులో స్కీ మీద రాపిడి లాగుడు 300 న్యూటన్లు అనుకున్నా లగ్గుల దగ్గర పడేది 75 న్యూటన్ మీటర్లే. చక్రం ఉన్న రోజుల్లో అదే ఫోర్క్, ముందు బ్రేక్ గట్టిగా పట్టినప్పుడు ఇంతకు మూడు నాలుగు రెట్లు భరించేది, అదీ బ్రేక్ ప్యాడ్లని నొక్కే కాలిపర్ ఉన్న ఒక్క కాలితోనే. స్నో బైక్‌లో ముందు బ్రేక్ తీసేస్తారు, ఆపే పని ట్రాక్‌ది. అంటే మెత్తటి మంచులో రోజంతా తిరిగినా మోటోక్రాస్ ట్రాక్ మీద పడేదాని కన్నా ఫోర్క్ మీద పడేది తక్కువే. స్నో బైక్ కిట్ ఫోర్కుల్ని తినేస్తుందని ఒక ప్రచారం ఉంది. అందులో సగం ఇక్కడే వీగిపోతుంది.

మిగతా సగం మోడు దగ్గర తేలుతుంది. కిట్ బిగించిన 450 సీసీ బైక్, దుస్తులు బూట్లు సంచీతో కలిపి మనిషి, మొత్తం 240 కిలోలు అనుకుందాం. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో స్కీ మోడుకి తగిలి, సెకనులో ఇరవయ్యో వంతు కాలంలో వేగం సెకనుకి 2 మీటర్లు తగ్గింది. బైక్ ఆగిపోలేదు, ఎగిరి దాటిపోయింది, అంతే. ఆ ఒక్క కుదుపులో సగటున పడిన బలం 9,600 న్యూటన్లు, అంటే దాదాపు టన్ను బరువు. 25 సెంటీమీటర్ల మీటతో లగ్గుల దగ్గర అది 2,400 న్యూటన్ మీటర్లు. ఇందాకటి 75 ఎక్కడ, ఈ 2,400 ఎక్కడ! స్కీ ముక్కు పైకి తిరిగి ఉంటుంది కాబట్టి ఇదంతా సూటిగా తగలదు, ఫోర్క్ కుంగి కొంత తీసుకుంటుంది, మనిషి చేతులు కొంత తీసుకుంటాయి. అవన్నీ తీసేసినా మిగిలేది మామూలు లాగుడుకి ఎన్నో రెట్లు.

లోతైన పొడి మంచు కోసం స్పిండిల్ పొడుగు పెంచి ముందు భాగాన్ని ఎత్తుకునేవాళ్లు ఈ లెక్కని గుర్తుంచుకోవడం మంచిది. మీట 25 నుంచి 30 సెంటీమీటర్లైతే మెలితిప్పే బలం అయిదో వంతు పెరుగుతుంది. ముక్కు తేలినందుకు లగ్గు చెల్లించే పన్ను అది.

పక్క నుంచి వచ్చే దెబ్బే అసలు దెబ్బ

ముందు నుంచి తగిలే దెబ్బకి రెండు ఫోర్క్ కాళ్లూ కలిసి నిలబడతాయి. పక్క నుంచి తగిలితే అవి ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి.

టైరు నేలని తాకే చోటు స్టీరింగ్ ఇరుసు గీతకి వెనక 10 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అక్కడ పక్క నుంచి 500 న్యూటన్లు తగిలితే హ్యాండిల్‌ని తిప్పే బలం 50 న్యూటన్ మీటర్లు. ఇక స్కీ సంగతి. దాని ముక్కు స్కీ బోల్ట్‌కి చాలా ముందుంటుంది. ఇరుసు నుంచి 60 సెంటీమీటర్లు అనుకుంటే అదే 500 న్యూటన్లు ముక్కు దగ్గర తగిలినప్పుడు 300 న్యూటన్ మీటర్లవుతాయి. 80 సెంటీమీటర్ల హ్యాండిల్ పట్టుకున్న ఒక్కో చేతికి దాదాపు 38 కిలోల తోపుడు. చేతులు వదిలేస్తే స్టీరింగ్ తిరిగి స్టాపర్‌కి కొట్టుకుంటుంది, గట్టిగా పట్టుకుంటే ఆ మెలి అంతా మధ్యలో ఉన్న లోహం మీద పడుతుంది.

ఆ దారి ఇలా సాగుతుంది. స్కీ ముక్కు ఎడమకి పోవాలని చూస్తుంది. స్కీ బోల్ట్ దగ్గర స్కీ ఆధారాలూ స్పిండిల్ పక్కలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. స్పిండిల్ మెలి తిరగాలని చూస్తుంది. యాక్సిల్ ఒక కొసన ముందుకి, ఇంకో కొసన వెనక్కి నెడుతుంది. రెండు ఫోర్క్ కాళ్ల మధ్య దూరం 20 సెంటీమీటర్లైతే 300 న్యూటన్ మీటర్ల మెలికి ఒక కాలిని ముందుకీ ఇంకో కాలిని వెనక్కీ చెరో 1,500 న్యూటన్ల బలం తోస్తుంది. ఒక్కో కాలి చివర నూట యాభై కిలోల బరువు, అదీ ఎదురెదురు దిశల్లో. అక్కడ ఆ రెండు కాళ్లనీ కలిపి ఉంచేది యాక్సిలూ, దాని చుట్టూ లగ్గు చీలికని బిగించే పించ్ బోల్టులూ, స్పిండిల్ బాడీ. ఈ మూడింటిలో ఏది వదులుగా ఉన్నా ఆ పని పైనున్న ట్రిపుల్ క్లాంపుల మీద పడుతుంది, అవి జారతాయి. మొదట చెప్పిన దృశ్యంలో స్కీ ఎడమకి చూస్తున్నది ఎక్కువసార్లు ఇందువల్లే. నిజానికి అదొక మేలు. క్లాంపు కొంచెం జారడం ట్యూబు వంగడం కన్నా వెయ్యి రెట్లు నయం. అందుకే క్లాంప్ బోల్టుల్ని కంపెనీ చెప్పిన టార్క్ (బిగింపు కొలత) దాటి బిగించి, ఇక కదలవులే అనుకునేవాళ్లు తమ ఫ్యూజు తామే పీకేసుకుంటున్నారు. పైగా అలా అతిగా బిగిస్తే ఫోర్క్ పై ట్యూబు నొక్కుకుపోయి లోపల ట్యూబులు జారడానికి ఉండే ఉంగరం లాంటి బుష్ పట్టేస్తుంది.

కొండ వాలుకి అడ్డంగా నడపడంలో పక్క బలం ఇంకో రకంగా వస్తుంది. స్కీ అడుగున ఉండే కీల్ మంచుని కోసి పట్టుకుంటుంది, బైక్ బరువు వాలు కిందికి లాగుతుంది. ఇది దెబ్బ కాదు, గంటల తరబడి ఉండే తోపుడు. దీని ప్రభావం స్పిండిల్ కన్నా ఫోర్క్ బుషుల మీద ఎక్కువ. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఫోర్క్ పూర్తిగా సాగి ఉన్నప్పుడు పై ట్యూబులోకి కింది ట్యూబు దూరి ఉండే భాగం తక్కువ, రెండు బుషుల మధ్య దూరం తక్కువ. పొట్టి పట్టుతో పొడుగాటి కర్రని ఆపినట్టు, ప్రతి బుష్ మీదా ఒత్తిడి పెరుగుతుంది. స్నో బైక్‌లో థ్రాటిల్ ఇచ్చినంత సేపూ ముందు భాగం తేలిగ్గా ఉంటుంది, ఫోర్క్ ఎక్కువ సమయం సాగిన స్థితిలోనే గడుపుతుంది. పక్క బలాలు వచ్చేదీ అప్పుడే. సీజన్ చివర ఫోర్క్ విప్పితే బుష్ మీది పూత చుట్టూ సమానంగా కాకుండా ఒకే పక్క అరిగి లోపలి లోహం కనిపించడానికి కారణం ఇదే.

జంపు నుంచి స్కీ ఒక అంచు మీద దిగడం మూడో రకం. స్కీ వెడల్పు చక్రం కన్నా చాలా ఎక్కువ, కాబట్టి ఒక అంచుకి తగిలిన బలానికి స్కీ బోల్ట్‌ని పక్కకి వంచే మీట దొరుకుతుంది. స్కీ బోల్ట్ వంగడం, దాని రంధ్రం కోలగా సాగడం ఎక్కువగా ఇక్కడి నుంచి మొదలవుతాయి. బోల్ట్ చవకది, తేలిగ్గా మారేది. ముందు అది పోతే ఎవరూ బాధపడాల్సిన పని లేదు.

వంగే లోహం, విరిగే లోహం

స్పిండిళ్లు స్థూలంగా రెండు రకాలు. క్రోమియం, మాలిబ్డినం కలిసిన క్రోమోలీ స్టీలు ట్యూబులూ రేకులూ వెల్డింగ్ చేసి చేసినవి, అల్యూమినియం దిమ్మని సీఎన్‌సీ యంత్రం మీద చెక్కినవి. చూడ్డానికి రెండోదే ముచ్చటగా ఉంటుంది, ఫొటోల్లో బాగా పడుతుంది, బరువు కూడా తక్కువ. మన్నిక విషయంలో మాత్రం తొందరపడి ఓటు వేయకూడదు.

క్రోమోలీ తన హద్దు దాటాక వంగుతుంది. చాలా దూరం వంగాక గానీ తెగదు. వంగిన స్పిండిల్ కంటికి కనిపిస్తుంది, స్కీ వంకరగా ఉన్నా ఎలాగోలా ఇల్లు చేరుస్తుంది. దారికి పాతిక కిలోమీటర్ల అవతల, నడుం లోతు మంచులో, చీకటి పడుతున్న వేళ, వంగడానికీ విరగడానికీ ఉన్న తేడా తెలియడానికి పుస్తకం అక్కర్లేదు. 7075 లాంటి గట్టి అల్యూమినియం మిశ్రమాలు వంగే ముందు చాలా బలం తట్టుకుంటాయి కానీ, హద్దు దాటాక స్టీలు సాగినంత సాగవు. పగులు మొదలైతే త్వరగా పాకుతుంది.

రెండో తేడా మెల్లగా పనిచేస్తుంది. స్టీలుకి ఒక హద్దు ఉంది. దానికి లోపల ఉండే బలం లక్షల సార్లు పడినా పగులు రాదు. అల్యూమినియానికి అలాంటి గీత లేదు. చిన్న చిన్న కుదుపులు కూడా లెక్కలో చేరుతూనే ఉంటాయి, సరిపడా పోగైతే పగులు పుడుతుంది. అలాగని స్టీలు స్పిండిల్‌కి ఢోకా లేదనుకోవడం పొరపాటు. వెల్డింగ్ చేసిన చోట ఆ హద్దు బాగా కిందికి దిగిపోతుంది. వెల్డింగ్ గీత చివర, అది మామూలు లోహంలో కలిసే అంచు దగ్గర, పెయింట్ మీద వెంట్రుకంత తుప్పు గీత కనిపిస్తే అది గీత కాదు, పగులు. అప్పుడప్పుడు ఆ అంచుని గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూసేవాళ్లకి స్పిండిల్ ముందే చెబుతుంది.

చలి కూడా ఈ పోటీలో ఉంది. మామూలు కార్బన్ స్టీళ్లు కొన్ని సున్నాకి బాగా దిగువన దెబ్బని మింగే గుణం కోల్పోయి పెళుసుగా మారతాయి. క్రోమోలీ ఈ విషయంలో మెరుగు, అల్యూమినియానికి ఈ జబ్బే లేదు. స్పిండిల్ పోయిందని దొరికిన ఇనప పట్టీతో వెల్డింగ్ చేయించుకునేవాళ్లు మరిచిపోయేది ఇదే. షెడ్డులో సుత్తి పెట్టి కొట్టి చూసినప్పుడు వంగిన పట్టీ, మైనస్ 25 డిగ్రీల్లో అలాగే వంగుతుందన్న భరోసా లేదు.

చలిలో వదులయ్యే బోల్టు, తగ్గే గాలి

వెచ్చటి షెడ్డులో టార్క్ రెంచ్‌తో కచ్చితంగా బిగించిన బోల్టు బయట చలిలో అంతే గట్టిగా ఉండదు. వేడి తగ్గినప్పుడు అల్యూమినియం స్టీలు కన్నా దాదాపు రెట్టింపు కుంచించుకుపోతుంది. 40 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియాన్ని ఒక స్టీలు బోల్టు బిగించి పట్టుకుంది అనుకుందాం. 20 డిగ్రీల నుంచి మైనస్ 20కి వెళ్తే అల్యూమినియం బోల్టు కన్నా సుమారు 0.018 మిల్లీమీటర్లు ఎక్కువ కుంచించుకుంటుంది. ఇదొక లెక్కా అనిపిస్తుంది. కానీ బాగా బిగించిన అంత పొడుగు బోల్టు సాగేదే దాదాపు 0.1 మిల్లీమీటరు. ఆ సాగుడే దాని పట్టు. అందులో ఆరో వంతు దాకా చలికే పోవచ్చు. దానికి మంచు దారి మీద అదురు తోడైతే స్పిండిల్ బోల్టు కదలడం మొదలవుతుంది. కదిలిన చోట సన్నటి నల్లటి పొడి రాలుతుంది, రంధ్రం అంచు మెరుస్తుంది. మొదటి గంట నడిపాక, బైక్ ఇంకా చల్లగా ఉండగానే ఒకసారి రెంచ్ పెట్టి చూసుకోవడం ఇందుకే. అయితే పించ్ బోల్టుల్ని మాత్రం ఆవేశపడి అదనంగా బిగించకూడదు. స్టీలు యాక్సిల్ చుట్టూ ఉన్న అల్యూమినియం లగ్గు చలిలో తనంతట తానే ఇంకాస్త బిగుసుకుంటుంది. లగ్గు చీలిక దగ్గర వచ్చే పగుళ్లలో కొన్ని దెబ్బల వల్ల కాదు, అతి జాగ్రత్త వల్లే.

స్ప్రింగు బదులు గాలి ఒత్తిడితో పనిచేసే గాలి ఫోర్కులది ఇంకో కథ. గది వేడిలో 10 బార్ గాలి నింపి మైనస్ 20 డిగ్రీల్లోకి తీసుకెళ్తే గేజి 8.5 బార్ చుట్టూ చూపిస్తుంది. లీకేమీ లేదు, భౌతికశాస్త్రమే. పదిహేను శాతం మెత్తబడిన ఫోర్క్ జంపు దగ్గర అడుగు దాకా కుంగి కొట్టుకుంటుంది, ఆ కొట్టుకున్న బలం నేరుగా స్పిండిల్‌లోకీ లగ్గులోకీ వెళ్తుంది. గాలి నింపుకోవాల్సింది బయట, బైక్ చల్లబడ్డాక. స్ప్రింగు ఫోర్కులకి ఈ గొడవ లేదు. మంచులో నడిపేవాళ్లు వాటి వైపు మొగ్గడంలో అర్థం ఉంది.

చలిలో నూనె చిక్కబడుతుంది. మొదటి పావుగంట ఫోర్క్ కుంగితే లేవడానికి బద్ధకిస్తుంది. వరసగా గుంతలు తగిలితే పూర్తిగా లేవక ముందే మళ్లీ కుంగుతుంది, నడక తగ్గుతూ పోతుంది. బయల్దేరగానే పెద్ద జంపులకి పోకూడదన్న సలహా పెద్దమనిషి చాదస్తంలా వినిపిస్తుంది కానీ అందులో లోహం పక్షాన న్యాయం ఉంది.

ఇక సీళ్లు. మంచులో మట్టి ఉండదు కనుక ఫోర్క్ సీళ్లు ఎక్కువ కాలం వస్తాయని కొందరంటారు. మట్టి లేని మాట నిజమే. కానీ క్రోమ్ ట్యూబు మీద పడిన మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి, ట్యూబుని తుడిచే వైపర్ సీల్ కింద పల్చటి గాజు ఉంగరంలా తయారవుతుంది. ఐసు క్రోమ్‌ని గీయలేదు, దానికన్నా చాలా మెత్తన. దెబ్బతినేది సీల్ పెదవి. చలికి గట్టిపడిన రబ్బరు కింద ఐసు దూరితే అది పైకి లేస్తుంది, నూనె చెమర్చుతుంది, నీళ్లు లోపలికి పోతాయి. నూనె మార్చేటప్పుడు పాలు కలిపిన టీ రంగులో వస్తే నీళ్లు చేరినట్టే. నియోప్రీన్ తొడుగులు ఐసు పట్టకుండా కొంత ఆపుతాయి. తడిసిన తొడుగుని తీయకుండా వేసవి దాకా వదిలేస్తే మాత్రం అదే క్రోమ్‌కి తుప్పు తెస్తుంది. మోటోక్రాస్ బైకుల మాన్యువళ్లు ఫోర్క్ సర్వీసుని నెలల్లో కాదు, నడిపిన గంటల్లో చెబుతాయి. మంచులో గడిపిన గంటలు కూడా గంటలే.

వదులు ఎక్కడుందో చేతికే తెలుస్తుంది

ముందు భాగంలో టకటక మోత వస్తోందంటే చాలామంది వెంటనే స్టీరింగ్ బేరింగుల్ని అనుమానిస్తారు. అది కావచ్చు, కాకపోవచ్చు. స్కీ నుంచి హ్యాండిల్ దాకా వదులు పుట్టే చోట్లు కనీసం అయిదున్నాయి, వాటిని విడదీయడానికి పరికరాలేమీ అక్కర్లేదు.

బైక్‌ని స్టాండు మీద ఎత్తి స్కీ గాల్లో ఉండేలా పెట్టాలి. ఒకరు స్పిండిల్‌ని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని ఇంకో చేత్తో స్కీ ముక్కుని పక్కలకి ఊపాలి. స్పిండిల్ కదలకుండా స్కీ మాత్రమే కదిలితే తప్పు స్కీ బోల్ట్‌ది, లేదా దాని బుష్‌ది. బొటనవేలుని స్కీకీ స్పిండిల్‌కీ మధ్య సందులో ఆనిస్తే ఎంత కదులుతోందో ఇంకా బాగా తెలుస్తుంది. ముక్కు దగ్గర ఒక సెంటీమీటరు ఊగిందంటే బోల్ట్ దగ్గర వదులు మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు, మీట పెద్దది కదా. అయినా ఆ మిల్లీమీటరే ప్రతి కుదుపునీ సుత్తి దెబ్బగా మారుస్తుంది, రంధ్రాన్ని ఇంకా సాగదీస్తుంది. వదులుని వాయిదా వేస్తే అది వడ్డీతో సహా పెరుగుతుంది.

స్కీ, స్పిండిల్ కలిసి కదులుతూ లగ్గులు కదలకపోతే యాక్సిల్ పట్టు వదిలింది. లగ్గుల్ని చెరో చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ గుంజితే టక్కుమన్నది ఎక్కడో వేలు పెట్టి చూడాలి. పై ట్యూబులోంచి కింది ట్యూబు బయటికొచ్చే చోట కదిలితే బుషులు అరిగాయి, కింది క్లాంపుకీ ఫ్రేముకీ మధ్య కదిలితే స్టీరింగ్ బేరింగులు. హ్యాండిల్‌ని మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పినప్పుడు సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడినట్టు ఆగితే బేరింగు గిన్నెలో గుంట పడింది. స్కీ మీద నడిచే బైక్ హ్యాండిల్ ఎక్కువ సేపు మధ్యలోనే ఉంటుంది, దెబ్బలన్నీ అదే చోట పడతాయి మరి.

రబ్బరు దిమ్మని మాత్రం అందరూ మరిచిపోతారు. అది చిరిగినా, నలిగి పల్చబడినా జంపులో స్కీ ముక్కు కిందికి వాలుతుంది. ముక్కు ముందుగా దిగితే మంచు స్కీని కిందికి మడిచేస్తుంది. ఇందాకటి 25 సెంటీమీటర్ల లెక్కంతా అప్పుడు తారుమారే. కిట్ మొత్తంలో అతి చవకైన భాగాల్లో అదొకటి.

ఇక ఏ భాగం ముందు వంగాలన్న ప్రశ్నకి కిట్ కొనేటప్పుడే కొంత జవాబు దొరుకుతుంది. స్పిండిల్ లగ్గుల్ని ఎక్కడ పట్టుకుంటుందో చూడాలి. యాక్సిల్ ఒక్కదాని మీదే ఆధారపడి పించ్ బోల్టుల రాపిడితో మెలిని ఆపే డిజైన్ దెబ్బ తగిలితే కొంచెం తిరిగి ఊరుకుంటుంది, కానీ ప్రతి చిన్నదానికీ తిరుగుతుంది కూడా. యాక్సిల్ కాక రెండో ఆధారం ఉండి, అది రెండు లగ్గుల్నీ విశాలంగా చుట్టి పట్టుకుంటే మెలి రెండు కాళ్లకీ సమానంగా పంచబడుతుంది. ఆ రెండో ఆధారం ఒక్క కాలి మీద, సన్నటి చోట ఉంటే గట్టి దెబ్బకి తెగేది ఆ చోటే, అది స్పిండిల్ కాదు, ఫోర్క్. ముప్పై వేల మీటర్ల ఎత్తు నుంచి పడినా వంగదని అమ్మేవాడు గొప్పలు పోతే అడగాల్సింది ఒక్కటే, దాని పక్కనున్న లగ్గు మాటేమిటని. విడి స్పిండిల్ అమ్మకానికి దొరుకుతుందా, స్కీ బోల్ట్ మామూలు కొలతదేనా, బుషులు విడిగా మారతాయా అన్నవి కూడా అప్పుడే తేల్చుకోవాలి. త్యాగం చేయాల్సిన భాగం దొరకనిదైతే దాని త్యాగం వల్ల ప్రయోజనం లేదు.

మంచు కరిగి, స్కీ తీసి మళ్లీ చక్రం ఎక్కించే రోజు ఆ చలికాలం ఫోర్క్‌కి ఏం జరిగిందో చాలా వరకు తెలిసిపోతుంది. పించ్ బోల్టులు వదిలి, శుభ్రంగా తుడిచి, పల్చగా గ్రీజు రాసిన యాక్సిల్‌ని చక్రం లేకుండా ఒక లగ్గు నుంచి ఇంకో లగ్గులోకి చేత్తో నెట్టి చూడాలి. వేలి బలానికే దూరిపోయి, దూరాక గుండ్రంగా తిరిగితే కాళ్లు ఒక వరసలో ఉన్నాయి. రెండో లగ్గు అంచుకి తగిలి ఆగితే ట్రిపుల్ క్లాంపుల్ని వదులు చేసి, కాళ్లని సరిచేసి మళ్లీ చూడాలి. అప్పుడూ ఆగితే ఫోర్క్ విప్పి, స్టీలు ట్యూబుని వీ ఆకారపు దిమ్మల (వీ-బ్లాకుల) మీద పెట్టి, తిప్పుతూ డయల్ గేజితో వంపు కొలిచి చూడాల్సిందే. అక్కడ సుత్తి తీసుకుని యాక్సిల్‌ని దింపేస్తే చక్రం ఎక్కుతుంది, బైక్ కదులుతుంది, ఫోర్క్ మాత్రం వేసవంతా పట్టేస్తూ నడుస్తుంది.